అమ్మకానికి లేనివే మిగిలాయి: పినాంగ్ దీవిలో మూడు రోజులు

మలయ్ భాషలో ‘పినాంగ్’ అంటే పోక. ‘పులావ్ పినాంగ్’ అంటే పోకల దీవి. మన ఇళ్లలో తమలపాకుల పళ్లెంలో కనిపించే చిన్న వక్క అక్కడ ఒక దీవికి, ఒక రాష్ట్రానికి పేరైంది. మలేషియా పశ్చిమ తీరానికి అతి సమీపంలో, మలక్కా జలసంధికి ఉత్తర ముఖద్వారం వద్ద ఈ దీవి ఉంది. విస్తీర్ణం మూడు వందల చదరపు కిలోమీటర్లకు కొద్దిగా తక్కువ. భూమధ్యరేఖకు ఐదున్నర డిగ్రీల లోపే ఉండటం వల్ల అక్కడ చలికాలమన్నది లేదు. ఏడాది పొడవునా ఉక్కపోత, చెప్పాపెట్టకుండా కురిసి వెళ్లిపోయే వాన, వాన వెలసిన వెంటనే మళ్లీ ఎండ.

దీవి ఈశాన్యపు కొసన ఉన్న నగరం జార్జ్ టౌన్. 2008 జూలైలో యునెస్కో మలక్కా నగరంతోపాటు దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సుమారు 109 హెక్టార్ల కేంద్ర ప్రాంతంలో మస్జిదులు, చర్చీలు, చైనా ఆలయాలు, హిందూ ఆలయాలు, వంశ భవనాలు, పాత దుకాణపు ఇళ్లు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. వీటిని చూడటానికే లోకం నలుమూలల నుంచి యాత్రికులు వస్తున్నారు.

భూమిపై సంచరించి, పూర్వ జనుల పర్యవసానం ఏమైందో గమనించమని దివ్య ఖుర్ఆన్ పలుమార్లు ఉపదేశించింది. పాత నగరంలో తిరిగేవారు ఆ ఉపదేశం వెలుగులో ఒక ప్రశ్న వేసుకోవాలి. రెండు శతాబ్దాలలో ఇక్కడ ఎన్నో కట్టారు, ఎన్నో కూలిపోయాయి. మరి వీటిలో ఇవే ఎందుకు మిగిలాయి? మూడు రోజుల మా సంచారంలో వీధి వీధినా ఈ ప్రశ్నకు సమాధానం కొద్దికొద్దిగా దొరుకుతూ వచ్చింది.

సముద్రం మీదుగా

దీవిని ప్రధాన భూభాగంతో కలిపే 13.5 కిలోమీటర్ల వంతెన 1985లో ప్రారంభమైంది. 2014లో అంతకంటే పొడవైన రెండవ వంతెన వచ్చింది. మేము మాత్రం కౌలాలంపూర్ నుంచి రైలులో బటర్‌వర్త్ చేరి, అక్కడి నుంచి పడవలో దాటాము. మాతోపాటు మా అమ్మీ, ఇద్దరు పిల్లలు. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవారికి, ఎండకు తాళలేని పిల్లలకు కూడా ఈ నగరం అనుకూలమే. చూడవలసినవి చాలావరకు నడక దూరంలో ఉన్నాయి. దుకాణాల ముందు మన పాత బజారుల్లో మాదిరిగా పైకప్పున్న వరండాలు ఉంటాయి. ‘కాకి లిమా’ అని వాటి పేరు, అంటే ‘ఐదడుగులు’. వాన వచ్చినా ఎండ కాసినా వాటి నీడన నడుస్తూ ఊరు చుట్టి రావచ్చు. ఉదయం రెండు మూడు గంటలు, అసర్ తరువాత రెండు గంటలు తిరిగి, నడి మధ్యాహ్నం విశ్రాంతికి వదిలిపెట్టడం మేలు.

రేవుకు దగ్గరలోనే కార్న్‌వాలిస్ కోట ఉంది. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ అనే వర్తకుడు ఇక్కడ దిగాడు. అంతవరకు ఈ దీవి కెడా సుల్తానుకు చెందినది. ఉత్తరాన సయాం రాజ్యం నుంచి ముప్పు ఎదుర్కొంటున్న సుల్తాను సైనిక రక్షణ ఆశించి దీవిని కంపెనీకి అప్పగించాడు. దీవిని తీసుకున్న కంపెనీ ఆ రక్షణ మాత్రం ఇవ్వలేదు. 1791లో సుల్తాను దీవిని తిరిగి పొందాలని చేసిన ప్రయత్నం విఫలమైంది. చివరకు ఏటా ఆరు వేల స్పానిష్ డాలర్ల చెల్లింపుతో ఒప్పందం ముగిసింది. నగరానికి బ్రిటిష్ రాజు మూడవ జార్జి పేరు వచ్చింది. మొదట పోకజాతి చెట్ల దుంగలతో కట్టిన కోటను తరువాత ఇటుకలతో నిర్మించారు. కోట గోడ మీద నిలబడి సముద్రాన్ని చూస్తున్నప్పుడు, ఈ అందమైన నగరం మాట తప్పడంతో మొదలైందన్న సంగతి మరచిపోకూడదు.

ఒకే వీధిలో నాలుగు ప్రార్థనాలయాలు

కోట నుంచి లోపలికి వెళితే పూర్వం పిట్ స్ట్రీట్ అని పిలిచిన వీధి వస్తుంది. నేడు దాని పేరు ‘జలాన్ మస్జిద్ కపితాన్ కెలింగ్’. పది నిమిషాల నడకలో నాలుగు మతాల ప్రార్థనాలయాలు కనిపిస్తాయి. మొదట 1818లో పూర్తయిన సెయింట్ జార్జ్ చర్చి. తెల్లని స్తంభాల ఈ కట్టడం నిర్మాణంలో భారతదేశం నుంచి శిక్షపడి వచ్చిన ఖైదీల శ్రమ ఉంది. తరువాత 1800 ప్రాంతంలో వెలసిన చైనీయుల కువాన్ యిన్ ఆలయం, గాలినిండా అగరుబత్తుల పొగ. ఇంకొంచెం ముందుకు వెళితే 1833 నాటి శ్రీ మహామారియమ్మన్ ఆలయం. ఆ తరువాత పసుపు ఛాయగల మినారు, నల్లని గుమ్మటాలు కనిపిస్తాయి. అదే కపితాన్ కెలింగ్ మస్జిదు.

ఈ పేరులో తెలుగువారికి ఒక బంధువు ఉన్నాడు. ‘కెలింగ్’ అన్న మాట ‘కళింగ’ నుంచి వచ్చిందని పండితుల అభిప్రాయం. మన శ్రీకాకుళం తీరం కూడా ఆ ప్రాచీన కళింగలోనిదే. తూర్పు తీరం నుంచి ఓడలపై వచ్చిన వారందరినీ మలయ్ ప్రజలు ఆ పేరుతోనే పిలిచారు. కాలక్రమంలో అది దక్షిణ భారతీయులందరికీ వర్తించింది. నేడు మనిషిని ఆ మాటతో పిలిస్తే అవమానంగా భావిస్తారు. మస్జిదు పేరులో మాత్రం అది గౌరవంతో నిలిచి ఉంది. 17వ శతాబ్దంలో, గోల్కొండ సుల్తానుల కాలంలో, మచిలీపట్నం రేవు నుంచి అద్దకపు వస్త్రాలు నింపుకొన్న ఓడలు సుమత్రాలోని అచేకు, మలయాలోని కెడాకు వెళ్లేవి. అంటే లైట్ దిగడానికి నూరేళ్లకు పూర్వమే మన తీరానికి ఈ సముద్రం తెలుసు. ఆ తరువాతి కాలంలో విశాఖ ప్రాంతం నుంచి మలయా తోటలకు కూలీలుగా వెళ్లిన తెలుగువారి సంతతి నేటికీ మలేషియాలో ఉంది.

‘కపితాన్’ అంటే ఒక సమాజానికి పెద్దగా ప్రభుత్వం గుర్తించిన వ్యక్తి. తమిళ తీరపు ముస్లిం వర్తకులను ఇక్కడ ‘చూలియా’లు అనేవారు. వారి పెద్ద కాదర్ మొహియుద్దీన్, ఓడల వర్తకుడు. 1801లో దీవి పాలకుడు జార్జ్ లీత్ మస్జిదు కోసం సుమారు 18 ఎకరాల భూమిని కేటాయించాడు. ఆనాడు కట్టినది సాదాసీదా మస్జిదు. నేడు కనిపించే గుమ్మటాలు, తోరణాలు 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో జరిగిన పునర్నిర్మాణంలో వచ్చాయి.

మేము వెళ్లేసరికి జుహ్ర్ వేళ అయింది. ముస్లిమేతర యాత్రికులకు కూడా నమాజు లేని సమయాల్లో ప్రవేశం ఉంది. ద్వారం వద్ద ఒంటిని కప్పుకోవడానికి పొడవాటి అంగీలు ఇస్తారు. లోపల తెల్లని తోరణాల వరుస, ఎత్తైన కప్పు, నాలుగు వైపుల నుంచి గాలి. బయటి ఉక్కపోత అక్కడ గుర్తుకే రాదు. నమాజు అయిన తరువాత అమ్మీ వరండాలో స్తంభానికి ఆనుకొని కూర్చుని చుట్టూ చూసింది. శుభ్రమైన నేల, నిండుగా నీళ్లు, తిరుగుతున్న పంకాలు.

“ఇంత పెద్ద మస్జిదు! ఊడ్చేవాళ్లకు, దీపాలకు, నీళ్లకు పైసలు ఎక్కడి నుంచి వస్తాయి బేటా?” అని అడిగింది.

ఇల్లు నడిపిన మనిషి అడిగే ప్రశ్న అది. ఏ మార్గదర్శక పుస్తకమూ యాత్రికుడికి ఆ ప్రశ్న వేయదు.

పద్దెనిమిది ఎకరాల కథ

సమాధానం ఒక్క మాటలో ఉంది: వక్ఫ్. ఒక ఆస్తిని అల్లాహ్ పేరిట నిలిపివేస్తే దానిని అమ్మరాదు, దానమివ్వరాదు, వారసులు పంచుకోరాదు. దాని రాబడి మాత్రం నిర్దేశించిన మేలుకు ఖర్చు కావాలి. మనిషి కన్నుమూసినా పుణ్యం ఆగని సదఖయె జారియాలో ఇది ముఖ్యమైనది. జార్జ్ టౌన్‌లోని తొలితరం వర్తకులు మస్జిదులకు, ప్రయాణికుల వసతికి, ఖనన భూములకు ఇళ్లు, దుకాణాలు, తోటలు వక్ఫ్ చేశారు. ఓడ దిగినవాడికి మస్జిదు ఒక ఆశ్రయం, పక్కనే వక్ఫ్ ఇల్లు ఒక గూడు. లైట్ మరణించేనాటికే, అంటే 1794 నాటికే, వెయ్యిమంది దాకా చూలియాలు ఇక్కడ స్థిరపడ్డారు. ఏటా ఓడలపై మరెందరో వచ్చి పోయేవారు. ఆ జనానికి ఈ వక్ఫులే ఆధారం.

అయితే కథ అంతటితో ముగియలేదు. ఇచ్చినవారి తరం గడిచింది. ముతవల్లీల చేతుల్లో లెక్కలు చెదిరాయి. రాబడి కొందరి ఇళ్లకు మళ్లింది, తగాదాలు న్యాయస్థానాలకు ఎక్కాయి. దేవాలయాల ధర్మాదాయాల పరిస్థితి కూడా అంతకంటే మెరుగుగా లేదు. చివరకు 1905లో బ్రిటిష్ ప్రభుత్వం ముస్లిం, హిందూ ధర్మాదాయాల కోసం ప్రత్యేక చట్టం చేసి ఒక బోర్డును నెలకొల్పింది. కపితాన్ కెలింగ్ మస్జిదు ఆస్తులు కూడా ఆ బోర్డు కిందకు వెళ్లాయి. లెక్కలు చక్కబడ్డాయి, కాని నిర్ణయాధికారం సమాజం చేతి నుంచి జారిపోయింది. పట్టణాన్ని చక్కదిద్దే క్రమంలో మస్జిదు చుట్టూ ఉన్న నివాసాలు తొలగిపోయాయి, వీధులు పడ్డాయి. నాటి 18 ఎకరాల ఆవరణ నేడు అదే రూపంలో లేదు. ప్రస్తుతం రాష్ట్ర ఇస్లామీయ ధార్మిక మండలి వక్ఫులను చూస్తున్నది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. వక్ఫ్ కావడం వల్లనే నగరం నడిబొడ్డున, బంగారంతో సమానమైన స్థలంలో, ఈ మస్జిదు రెండు వందల ఏళ్లు నిలిచింది. అదే సమయంలో, ఇచ్చే చేయి ఒక్కటే చాలదు. లెక్క అడిగే నోరు కూడా కావాలి.

కావడిలో వచ్చిన భోజనం

మస్జిదు పరిసరాల్లో మధ్యాహ్నం అయ్యేసరికి అన్నం దుకాణాల ముందు వరుసలు కడతారు. ‘నాసీ కందార్’ అన్నది పినాంగ్ పేరు చెప్పగానే మలేషియా అంతటా గుర్తుకు వచ్చే వంటకం. ‘నాసీ’ అంటే అన్నం, ‘కందార్’ అంటే భుజాన మోసే కావడి. తమిళ ముస్లిం వ్యాపారులు కావడికి ఒకవైపు అన్నం, మరొకవైపు కూరల గిన్నెలు కట్టి రేవు కూలీలకు అమ్ముకొనేవారు. ఆ కావడి నేడు పెద్ద భోజనశాల అయింది, పేరు మాత్రం మారలేదు. అన్నం మీద చేప, కోడి, మాంసం, బెండకాయ ఏది కోరితే అది వేసి, నాలుగైదు రకాల పులుసులు కలిపి పోస్తారు. మన నాలుకకు కొత్తగా తోచదు. బెల్లం, కొబ్బరిపాలు, ఆకుపచ్చని సేమ్యా వంటి పోగులు, మంచుపొడి కలిపిన ‘చెందోల్’ పిల్లలకు ఎంతగానో నచ్చింది. మలయ్, తమిళ ముస్లిముల దుకాణాల్లో హలాల్ గురించి బెంగ అక్కరలేదు. ఇతర చోట్ల ముందుగా అడగడం మంచిది.

రెండవ జిద్దా

రెండవ రోజు ఉదయం లెబు అచే వీధికి వెళ్లాము. కపితాన్ కెలింగ్ మస్జిదు నుంచి కొద్ది నిమిషాల నడక. సుమత్రాలోని అచే నుంచి వచ్చిన అరబ్బు వంశీయుడు, సంపన్న వర్తకుడు అయిన తెంగ్కు సయ్యద్ హుసేన్ 1808లో ఇక్కడ మస్జిదు కట్టించాడు. గుమ్మటాలు లేవు, కోణాలు తీరిన పెంకుటి కప్పు, ఎనిమిది పలకల మినారు. ఆవరణ చుట్టూ పాత ఇళ్లు, ఒక పక్కన ఆయన సమాధి. ఈ స్థలం కూడా ఆయన వక్ఫ్ చేసినదే.

మినారు మీద ఒక గుండ్రని కిటికీ ఉంది. 1867 ఆగస్టులో జరిగిన అల్లర్లలో ఫిరంగి గుండు తగిలిన చోటే అదని స్థానికులు చెప్పుకుంటారు. పది రోజులు నగరాన్ని కుదిపిన ఆ అల్లర్లు రెండు మతాల మధ్య జరగలేదు. రెండు చైనా రహస్య సంఘాలు తలపడగా, ఎర్ర జెండా, తెల్ల జెండా పేర్లతో ఉన్న ముస్లిం దళాలు చెరొక పక్షాన చేరాయి. స్వార్థం కలిపినవారిని మతం ఆపలేదు. ఒకే వీధిలో నాలుగు ప్రార్థనాలయాలు ఉన్నంత మాత్రాన సామరస్యం దానంతట అదే రాదని, దానిని ప్రతి తరమూ కొత్తగా కాపాడుకోవాలని ఆ కిటికీ గుర్తుచేస్తుంది.

ఈ వీధికి ‘రెండవ జిద్దా’ అని పేరు. విమానాలు రాకముందు ఈ ప్రాంతపు హాజీలు ఇక్కడికి చేరి ఓడ ఎక్కేవారు. టిక్కెట్లు అమ్మే ఏజెంట్లు, బస చేసే ఇళ్లు, ప్రయాణ సామగ్రి, గ్రంథాలు అమ్మే దుకాణాలు ఈ వీధినిండా ఉండేవి. సాగనంపడానికి ఊళ్లకు ఊళ్లు తరలివచ్చేవట. మస్జిదు అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన వచ్చీరాని ఉర్దూలో అమ్మీతో మాట కలిపారు. తాను పిల్లవాడిగా ఉన్నప్పుడు ఓడ కూత వినబడగానే వీధి మొత్తం ఏడ్చేదని చెప్పారు. వెళ్లినవారందరూ తిరిగి వస్తారన్న నమ్మకం లేని రోజులవి.

ఆ ఓడల వెనుక మరొక దుఃఖం ఉండేది. హజ్ ఖర్చు కోసం పల్లె రైతులు ఉన్న పొలం, పశువులు అమ్ముకొనేవారు. హాజీగా తిరిగి వచ్చాక బతకడానికి ఆధారం ఉండేది కాదు. ఈ దుస్థితిని చూసిన ఆర్థికవేత్త ఉంగ్కు అజీజ్ 1959లో ఒక ప్రతిపాదన చేశారు. వడ్డీ లేకుండా కొద్దికొద్దిగా పొదుపు చేసుకొని, ఆ సొమ్మును ధర్మసమ్మతమైన పనుల్లో పెట్టుబడిగా పెట్టి, హజ్‌కు వెళ్లే ఏర్పాటు. 1963లో అందుకొక పొదుపు సంస్థ ఏర్పడింది. 1969లో అది పినాంగ్‌లో ఉన్న హజ్ వ్యవహారాల కార్యాలయంతో కలిసి, నేడు ‘తాబుంగ్ హాజీ’గా ప్రసిద్ధమైన సంస్థకు పునాది అయింది. ఆరాధన కోసం పొలం అమ్ముకొని సంసారాన్ని వీధిన పెట్టనక్కరలేదని ఒక సమాజం ఆలోచించి కనుగొన్న మార్గమిది. ఓడలు 1970 దశకంలో ఆగిపోయాయి. మస్జిదు, దాని ఆవరణ మిగిలాయి.

గోడ మీది పిల్లలు

లెబు అచేను ఆనుకొనే ఆర్మేనియన్ వీధి ఉంది. 2012లో ఎర్నెస్ట్ జకారెవిచ్ అనే చిత్రకారుడు ఇక్కడి గోడ మీద సైకిలు తొక్కుతున్న ఇద్దరు చిన్నారుల బొమ్మ వేశాడు. సైకిలు నిజమైనది, పిల్లలు రంగుల్లో ఉన్నారు. దాని ముందు ఛాయాచిత్రం కోసం జనం బారులు తీరుతారు. మా పిల్లలు కూడా నిలబడ్డారు. వంతు వచ్చేవరకు వేచి ఉండగా మా పాప చుట్టూ చూసి, “ఈ వీధిలో పిల్లలు లేరా?” అంది.

ఉండేవారు. ఇక్కడి దుకాణపు ఇళ్లలో కింద వ్యాపారం, పైన కాపురం. కంసాలులు, వడ్రంగులు, తాపీవారు, చిల్లర వర్తకులు తరతరాలుగా అద్దెకు ఉన్నారు. మలేషియాలో అద్దెల నియంత్రణ చట్టం అమలులో ఉన్నంతకాలం యజమానులు అద్దె పెంచలేకపోయారు. రాబడి లేనందున మరమ్మతులు చేయలేదు, కూల్చి పెద్ద భవనాలు కట్టే వీలూ లేకపోయింది. పాత నగరం పాతగానే మిగలడానికి ఆ చట్టం ఒక కారణం. 2000 జనవరి 1తో ఆ నియంత్రణ ముగిసింది. అద్దెలు ఒక్కసారిగా పెరిగాయి. తరాలుగా ఉన్న కుటుంబాలు శివార్లకు తరలిపోయాయి. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఖాళీ ఇళ్లు హోటళ్లుగా, కాఫీ దుకాణాలుగా మారాయి. గోడలు బాగుపడ్డాయి, రంగులు మెరుస్తున్నాయి. ఆ గోడల మధ్య పెరిగినవారు లేరు. బొమ్మలోని పిల్లలకు అద్దె లేదు కనుక వారు ఉన్నారు.

యాత్రికులను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు, మేమూ యాత్రికులమే. అయితే చూడదగిన ఊరు, బ్రతకదగిన ఊరు రెండూ ఒకటిగా ఉండాలంటే ఎవరో ఒకరు కొంత స్థలాన్ని అంగడి వెల నుంచి తప్పించి పెట్టాలి.

చైనీయులు దానిని తమదైన పద్ధతిలో చేశారు. సమీపంలోనే ఉన్న ఖూ కోంగ్సీ అనే వంశ భవనం 1906లో ప్రస్తుత రూపం పొందింది. రాతి, కొయ్య చెక్కడాలతో కన్ను తిప్పుకోనివ్వదు. అంతకుముందు కట్టిన మరింత వైభవమైన భవనం అగ్నికి ఆహుతైంది. రాజప్రాసాదంతో పోటీపడినందుకే అలా జరిగిందని జనశ్రుతి. వాస్తుకన్న దాని వ్యవస్థ ఆసక్తికరం. భవనం, చుట్టూ ఉన్న ఇళ్లు వంశం ఉమ్మడి ఆస్తి. ఏ ఒక్కరూ అమ్ముకోలేరు. రాబడి వంశస్థుల చదువులకు, సంక్షేమానికి ఉపయోగపడుతుంది. విశ్వాసాలు వేరు. నలుగురి సొత్తును ఒకరు మింగకుండా కాపాడాలన్న వివేకం మాత్రం ఇద్దరికీ తెలుసు.

నీటి మీది ఇళ్లు

సాయంత్రం రేవు పక్కన చైనీయుల వంశ వంతెనలకు వెళ్లాము. సముద్రంలోకి గుంజలు దింపి, వాటిపై కొయ్య బాట వేసి, దానికి ఇరువైపులా ఇళ్లు కట్టుకున్నారు. పడవ కూలీలుగా వచ్చిన బీద కుటుంబాలు 19వ శతాబ్ది చివరి నుంచి ఇలా నివసిస్తున్నాయి. భూమి కొనగలిగిన వర్తకులు గట్టు మీద కట్టుకున్నారు, భూమి లేనివారు నీటి మీద కట్టుకున్నారు. 2006లో ఇటువంటి రెండు వంతెనలను కొత్త నివాస సముదాయం కోసం తొలగించారు. అప్పటికి యునెస్కో గుర్తింపు రాలేదు. మిగిలినవాటికి ఇప్పుడు ఆ గుర్తింపే రక్ష. గుమ్మాల వద్ద, ఇళ్లలోకి తొంగి చూడవద్దని, లోపలి మనుషుల ఛాయాచిత్రాలు తీయవద్దని వేడుకొనే పలకలు ఉన్నాయి. అనుమతి లేకుండా ఒకరి ఇంట్లోకి చూడరాదన్నది మనకు చిన్ననాడే నేర్పిన మర్యాద. కెమెరా చేతికి రాగానే అది సడలరాదని పిల్లలకు అక్కడే చెప్పాము.

కొండ మీది నుంచి

మూడవ రోజు పినాంగ్ కొండకు కేటాయించాము. 1923లో ప్రారంభమైన తాడు రైలు నేడు కొత్త బోగీలతో నిమిషాల్లో పైకి చేరుస్తుంది. ఎత్తైన శిఖరం 833 మీటర్లు. రైలు ఆగేచోటు ఏడు వందల మీటర్లు దాటిన ఎత్తులో ఉంటుంది. కింది ఉక్కపోతతో పోలిస్తే అక్కడి గాలి చల్లన. 2021లో ఈ కొండను, దాని చుట్టూ ఉన్న అడవిని యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. పైన కూడా ఒక మస్జిదు, ఒక హిందూ ఆలయం ఉన్నాయి. ఉదయం తొందరగా వెళితే రద్దీ తక్కువ, పొగమంచు లేకపోతే ప్రధాన భూభాగం వరకు కనిపిస్తుంది.

అక్కడి నుంచి చూస్తే నగరం రెండుగా తోస్తుంది. తీరం పొడవునా ఆకాశాన్ని తాకే కొత్త భవనాలు. వాటి మధ్య ఈశాన్యపు మూలన పెంకుటి కప్పుల ఎర్రని ముక్క. ఆ ముక్కలో మేము రెండు రోజులు నడిచిన చోట్లను పిల్లలు వేలితో చూపించసాగారు. మస్జిదులు, చర్చి, ఆలయాలు, వంశ భవనాలు. అవన్నీ ఒక్కటే కోవకు చెందినవి: ఎవరో ఒకరు తమ సొత్తు నుంచి వేరుచేసి, తమ తరువాతి వారికి కూడా అమ్మే హక్కు లేకుండా చేసి వెళ్లినవి. కపితాన్ ఓడలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. సయ్యద్ హుసేన్ మిరియాల లెక్కలు ఎవరూ చదవరు. తమ కోసం దాచుకున్నది కాలం తీసుకుపోయింది. అల్లాహ్ కోసం విడిచిపెట్టినదానిలో మా అమ్మీ కూర్చుని సేదదీరింది.

తెలుగునాట కూడా పూర్వులు విడిచిపెట్టిన వక్ఫులకు కొదవ లేదు. నవాబుల కాలపు ఇనాములు మొదలుకొని, పేరు తెలియని వితంతువు రాసి ఇచ్చిన అరెకరం వరకు ఎన్నో ఉన్నాయి. నామమాత్రపు అద్దెతో ఏళ్ల తరబడి సాగుతున్న మస్జిదు దుకాణాలు, గట్టు జరిగిపోయిన ఖబరస్తాన్లు, ఏ దస్త్రంలోనూ సరిగా కనిపించని పొలాలు మనలో చాలామందికి తెలిసినవే. వాటి గురించి న్యాయస్థానాల్లో, శాసనసభల్లో జరిగే వాదనలు ఒక ఎత్తు. జుమా నాడు మస్జిదు కమిటీని సౌమ్యంగా, నలుగురి ఎదుట, ఈ ఏడాది లెక్క చెప్పమని అడగడం మరొక ఎత్తు. రెండవది ప్రతి కుటుంబం చేయగలిగినదే. జార్జ్ టౌన్ ముస్లిములు ఆ మాట అడగడంలో ఆలస్యం చేశారు. వారి తరఫున పరాయి ప్రభుత్వం అడిగింది, తాళాలు కూడా తనే పట్టుకుపోయింది.

పినాంగ్ దాకా వెళ్లే వీలు అందరికీ కలగకపోవచ్చు. మన ఊరి మస్జిదుకు ఎవరు ఏమి రాసి ఇచ్చారో, దాని సరిహద్దు రాళ్లు నేడు ఎక్కడ ఉన్నాయో తెలుసుకోవడానికి మాత్రం ఓడ ఎక్కనక్కరలేదు.